ప్రజాహిత చింతకుడు డి. వి. గుండప్పగారు

కోలారు పేరు చెప్పగానే ఎవరికైనా ముందుగా జ్ఞాపకం వచ్చేది బంగారం. 1880లో జాన్ టేలర్ కంపెనీ చేతికి వచ్చిన నాటి నుండి 2001 ఫిబ్రవరి 28వ తేదీన మూతపడే వరకు ఆ గనులు నూట ఇరవై ఏళ్లు పనిచేసినాయి. మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు మనుష్యులు దిగి రాయి త్రవ్వినారు. మన దేశంలో చాలా పట్టణాలు ఇంకా ఆముదపు దీపాలతో గడుపుతుండగా, 1902లోనే శివసముద్రం జలపాతం నుండి సుమారు 150 కిలోమీటర్ల దూరం తీగలు లాగి అక్కడికి విద్యుచ్ఛక్తి తెచ్చినారు. గనుల నీడలో పెరిగిన రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట వీధులలో తెలుగు, తమిళం, కన్నడం కలిసి వినిపించేవి. నానా ప్రాంతాల వర్తకులు అక్కడ అంగళ్లు తెరిచి స్థిరపడినారు.

ఆ గనులకు చేరువలోనే ముళబాగిలు అనే ఊరు ఉంది. 1887 మార్చి 17వ తేదీన ఆ ఊరిలో దేవనహళ్లి వెంకటరమణయ్య గుండప్పగారు జన్మించినారు. కన్నడ దేశం యావత్తూ ఆయనను డి.వి.జి. అనే మూడక్షరాలతో పిలుచుకొన్నది. ఆయన కవి, పత్రికా సంపాదకుడు, వేదాంత వ్యాఖ్యాత. వీటన్నిటికీ మూలంగా ఆయనలో ఒక గుణం కనిపిస్తుంది. దేశంలో జరిగే ప్రతి ముఖ్య విషయాన్నీ ఇంటి వ్యవహారమంత శ్రద్ధగా విచారించి, తోచిన మాట నిర్భయంగా వ్రాసి, ఆ మాటకు ఏ అధికారి వద్దా వెల పుచ్చుకొనకుండా అరవై ఏళ్లకు పైగా జీవించినారు.

జన్మభూమి

ముళబాగిలు అంటే తూర్పు వాకిలి. బెంగుళూరు నుండి చిత్తూరు, తిరుపతి వైపు పోయే పాత బాట మీద ఉన్నందున ఆ పేరు తగినదే. ఆ వాకిలి దాటితే తెలుగు దేశం. ఆ మాటకు వస్తే వాకిలికి లోపలా తెలుగే. కోలారు జిల్లాలో ఇంటింటా, సంతసంతలో తెలుగు మాట వినిపిస్తుంది. 1956లో భాషల ప్రాతిపదికన రాష్ట్రాలు ఏర్పడినప్పుడు ఆ జిల్లా మైసూరు రాష్ట్రంలోనే నిలిచింది. పాఠశాలలో కన్నడం, అంగడిలో తెలుగు, దేవాలయంలో సంస్కృతం, కచేరీలో ఇంగ్లీషు. గుండప్పగారు పెరిగిన వాతావరణం ఇది.

ఆ నేలకు చరిత్ర కూడా దండిగా ఉంది. కోలారుకు పూర్వపు పేరు కువలాలం. గంగరాజుల తొలి రాజధాని అదే. సింహనంది ఆచార్యుల ఆశీర్వాదంతో ఆ వంశం నిలబడిందని జైన సంప్రదాయం చెబుతుంది. ఆ గంగరాజుల మంత్రి చావుండరాయలే పదవ శతాబ్దపు చివరి భాగంలో శ్రవణబెళగొళలో గోమటేశ్వరుని నిలిపినాడు. తరువాత విజయనగర ప్రభువుల కాలంలో ముళబాగిలు ఒక మండలానికి ముఖ్యపట్నమై, బుక్కరాయల కుమారుడు కంపనకు నివాసమైంది. మధుర మీదికి ఆయన చేసిన దండయాత్రను ఆయన భార్య గంగాదేవి సంస్కృత కావ్యంగా వ్రాసింది. ఊరి చెంతనే నరసింహతీర్థంలో శ్రీపాదరాజుల మఠం, కొద్ది దూరంలో కురుడుమలె వినాయకుని గుడి ఉన్నాయి. ఇట్టి ఊరిలో పుట్టిన బాలునికి చరిత్ర పుస్తకాలలో మాత్రమే ఉండే వస్తువుగా తోచకపోవడంలో ఆశ్చర్యం లేదు. పెద్దవాడైన తరువాత ఆయన విద్యారణ్యుల మీద నాటకం వ్రాసినారు.

చదువు, బ్రతుకు తెరువు

తండ్రి వెంకటరమణయ్యగారు ఉపాధ్యాయులు. తల్లి అలమేలమ్మగారు. గుండప్పగారు ముళబాగిలులో ప్రాథమిక విద్య ముగించి, మైసూరులోనూ కోలారులోనూ హైస్కూలు చదువు సాగించినారు. కాని మెట్రిక్యులేషన్ పరీక్షలో గట్టెక్కలేకపోయినారు. ఆ రోజులలో ఆ పరీక్ష సర్కారు ఉద్యోగానికి తలుపు వంటిది. ఆ తలుపు మూసుకొన్న మధ్యతరగతి యువకునికి దారులు ఎక్కువ ఉండేవి కావు.

కొద్దికాలం ఆయన కోలారు బంగారు గనులలో ఒక సోడా ఫ్యాక్టరీలో గుమాస్తాగా పనిచేసినారు. తరువాత బెంగుళూరు చేరి జట్కా బండ్లకు రంగులు వేసే ఒక కార్ఖానాలో కుదిరినారు. ఆనాటి ఆ చిన్న పనులను ఆయన జీవిత చరిత్రకారులు దాచలేదు. దాచవలసిన అవసరమూ లేదు. గనులలో రాత్రింబగళ్లు దిగి ఎక్కే కూలీలను, వారి మీద దొరలను, ఆ ఇద్దరి మధ్య అంగడి పెట్టుకొని బ్రతికేవారిని చూసిన యువకుడు, రాజ్యం అంటే ఏమిటో ఏ పుస్తకమూ చెప్పని విధంగా చూసినట్లే.

పరీక్ష పోయినా చదువు ఆగలేదు. హానగల్లు విరూపాక్ష శాస్త్రులవారి వద్ద వేదాంత శాస్త్రం చెప్పుకొన్నారు. బర్క్, మిల్, మోర్లే వంటి ఆంగ్ల రాజనీతిజ్ఞుల గ్రంథాలు స్వయంగా చదువుకొన్నారు. ఉపనిషత్తులు ఒక చేతితో, శాసనసభల నివేదికలు మరొక చేతితో పట్టుకొన్న ఈ చదువే ఆయన జీవితమంతటికీ మూలధనం. మెట్రిక్యులేషన్ దాటని ఆ వ్యక్తికే 1961లో మైసూరు విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు సమర్పించింది.

పత్రికా వ్యాసంగం

రంగుల కార్ఖానా నుండి ఆయన పత్రికలలోకి వచ్చినారు. బెంగుళూరులో సూర్యోదయ ప్రకాశిక మొదలైన చిన్న పత్రికలలో వ్రాయడం నేర్చుకొన్నారు. వయస్సు ఇరవై దాటకముందే వార్త సంపాదించడం, అచ్చు దిద్దడం, సంపాదకీయం వ్రాయడం వరకు అన్నీ ఆయనకు అలవాటైనాయి.

సరిగ్గా ఆ సమయంలోనే మైసూరు సంస్థానంలో పత్రికలకు గండం వచ్చింది. వి. పి. మాధవరావుగారు దివానుగా ఉండగా 1908లో వార్తాపత్రికల రెగ్యులేషన్ అమలుకు వచ్చింది. ప్రభుత్వ అనుమతి లేనిదే పత్రిక పెట్టరాదు. ఇచ్చిన అనుమతిని ప్రభుత్వం తన చిత్తం వచ్చినప్పుడు తీసివేయవచ్చు. అంగడి లైసెన్సును అధికారి కారణం చెప్పకుండా రద్దు చేస్తే వర్తకుని గతి ఏమవుతుందో తెలిసినవారికి ఈ చట్టం ఎంతటిదో వివరించనక్కరలేదు. వృద్ధ సంపాదకులు ఎం. వెంకటకృష్ణయ్యగారి వంటివారు నిరసనగా తమ పత్రికలను తామే మూసివేసినారు. ఇరవై ఒక్క ఏళ్ల గుండప్పగారు ఆ చట్టానికి వ్యతిరేకంగా వ్రాసినారు. రాజు మంచివాడైనా, దివాను సమర్థుడైనా, ప్రజల నోరు కట్టివేసిన పాలన మంచి పాలన కాదని ఆయన నమ్మకం. ఆ నమ్మకం చివరి వరకు సడలలేదు.

1913లో ఆయన కర్ణాటక అనే ఇంగ్లీషు పత్రికను స్థాపించినారు. అది వారానికి రెండుసార్లు వెలువడేది. మైసూరు సంస్థానపు బడ్జెటు, విద్యాశాఖ, నీటిపారుదల, మునిసిపాలిటీలు, కేంద్రంలో వైస్రాయి సభలో జరిగే చర్చలు, ఐరోపా యుద్ధం, అన్నిటి మీదా అందులో విచారణ ఉండేది. తిట్టు ఉండేది కాదు, పొగడ్త కూడా మితంగానే ఉండేది. ముందు లెక్క చూపి, తరువాత అభిప్రాయం చెప్పడం ఆ పత్రిక పద్ధతి. దాని చందాదారులు వేల సంఖ్యలో లేరు. అయినా దివాను కచేరీలో దానిని శ్రద్ధగా చదివేవారు. అటువంటి పత్రికకు ఖర్చు ఎక్కువ, రాబడి తక్కువ. కొన్ని ఏళ్లకు అది ఆగిపోయింది. 1920ల ఆరంభంలో ఇండియన్ రివ్యూ ఆఫ్ రివ్యూస్ అనే మరొక పత్రిక నడిపినారు. అదీ ఎక్కువకాలం నిలవలేదు. పత్రికలు నిలవకపోయినా సంపాదకుని మాటకు ఉన్న విలువ తగ్గలేదు. వార్తాపత్రిక ధర్మాన్ని గురించి ఆయన కన్నడంలో వృత్తపత్రికె అనే చిన్న గ్రంథం వ్రాసినారు.

దివానులతో మైత్రి

మైసూరు దివానులలో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారికి ఉన్న ఖ్యాతి అందరికీ తెలిసినదే. ఆయన పూర్వుల ఊరు ఆంధ్ర దేశంలోని మోక్షగుండం. ఆయన పుట్టిన ముద్దేనహళ్లి ఆనాటి కోలారు జిల్లాలోనిదే. 2007లో చిక్కబళ్లాపురం ప్రత్యేక జిల్లా అయిన తరువాత ఆ జిల్లాలోకి పోయింది. 1912 నుండి 1918 వరకు ఆయన దివానుగిరీ చేసినారు. గుండప్పగారి కర్ణాటక పత్రిక మొదలైనదీ, బలం పుంజుకొన్నదీ ఆ కాలంలోనే.

ఒకే జిల్లాలో పుట్టిన ఈ ఇద్దరి మధ్య ఆజన్మాంతం స్నేహం నిలిచింది. విశ్వేశ్వరయ్యగారి దృష్టి కర్మాగారాలు, ఆనకట్టలు, లెక్కల మీద. గుండప్పగారి దృష్టి ప్రజాభిప్రాయం, రాజ్యాంగం మీద. దివాను మీద ఎంత గౌరవం ఉన్నా, దివాను చేసిన ప్రతి పనినీ పత్రిక పరిశీలించక మానలేదు. అధికారంలో ఉన్న స్నేహితుని ముందు చేయి చాచడం గాని, అతని తప్పును కప్పిపుచ్చడం గాని స్నేహమని ఆయన అనుకోలేదు. 1962లో నూరేళ్లు నిండిన విశ్వేశ్వరయ్యగారు కన్నుమూసే వరకు ఆ మైత్రి చెక్కుచెదరలేదు.

మైసూరు రాజవంశానికి తిరిగి అప్పగించబడిన తరువాత తొలి దివాను అయిన రంగాచార్యులవారిని గూర్చి గుండప్పగారు తమ యౌవనంలోనే చిన్న గ్రంథం వ్రాసినారు. 1881లో బ్రిటిషువారు మైసూరును తిరిగి రాజవంశానికి అప్పగించినప్పుడు రంగాచార్యులవారు ప్రజాప్రతినిధి సభను ఏర్పాటు చేసినారు. 144 మంది సభ్యులు. వారికి చట్టం చేసే అధికారం లేదు, తమ కష్టసుఖాలు విన్నవించుకొనే అవకాశం మాత్రమే ఉండేది. అయినా ఒక సంస్థానంలో రైతులనూ వర్తకులనూ పిలిచి కూర్చోబెట్టి లెక్క చెప్పడం అప్పటికి కొత్త. ఆ విత్తనం నుండి బాధ్యతాయుత ప్రభుత్వం అనే వృక్షం ఎట్లా పెరగాలి అన్నదే గుండప్పగారి రాజకీయ చింతనకు కేంద్రం. 1920ల చివరి నుండి చాలా ఏళ్లు ఆయన మైసూరు లెజిస్లేటివ్ కౌన్సిలులో సభ్యులుగా కూడా పనిచేసినారు.

సంస్థానాల ప్రజల కోసం

స్వాతంత్ర్యానికి ముందు భారతదేశం రెండు ముక్కలు. ఒకటి బ్రిటిషు ఇండియా. మరొకటి సుమారు 560 దేశీయ సంస్థానాలు. భూభాగంలో అయిదింట రెండు వంతులు, జనంలో నాలుగింట ఒక వంతు వాటి కింద ఉండేవారు. కాంగ్రెసు ఉద్యమం ప్రధానంగా బ్రిటిషు ఇండియాను గూర్చి మాట్లాడేది. సంస్థానాల పక్షాన మాట్లాడినవారు రాజులు. ఆ రాజుల కింద ఉన్న కోట్లాది ప్రజల పక్షాన మాట్లాడేవారు చాలా తక్కువ.

గుండప్పగారు పట్టుకొన్నది ఈ విషయాన్ని. మైసూరు వంటి మంచి సంస్థానంలో పుట్టిన అదృష్టం వల్ల రాచరికాన్ని ఆయన ద్వేషించలేదు. కాని ఒక సంస్థానంలో మంచి పాలన ఉండడం రాజు దయ మీద ఆధారపడరాదని ఆయన వాదం. 1927లో సంస్థానాల వ్యవహారం విచారించడానికి హార్కోర్టు బట్లరు అధ్యక్షతన ఒక సంఘం ఏర్పడింది. ఆ సంఘం రాజుల వాదం విన్నది, సంస్థానాల ప్రజల ప్రతినిధుల వాదం వినడానికి ఒప్పుకోలేదు. తరువాత లండనులో రౌండ్ టేబుల్ సభలు జరుగుతుండగా, 1931లో గుండప్పగారు భారత రాజ్యాంగంలో సంస్థానాలకూ వాటి ప్రజలకూ ఉండవలసిన స్థానాన్ని గూర్చి ఇంగ్లీషులో ఒక గ్రంథం ప్రకటించినారు. రేపు ఏర్పడే సమాఖ్యలో సంస్థానాల తరఫున కూర్చునేవారు ప్రజలు ఎన్నుకొన్నవారై ఉండాలన్న విచారం అందులో ప్రధానం.

1935 చట్టం రాజులకే ఆ నియామకపు హక్కు ఇచ్చింది. ఆ సమాఖ్య ఆచరణలోకి రానే లేదు. కాని 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగం సంస్థానపు ప్రజకూ పూర్వపు బ్రిటిషు ఇండియా ప్రజకూ ఒకే ఓటు, ఒకే హక్కు ఇచ్చింది. ఈనాడు ఓటు మనకు గాలివలె సహజంగా తోస్తుంది. ఆ రోజులలో ముళబాగిలు రైతుకు, మద్రాసు ప్రెసిడెన్సీలో పదిమైళ్ల అవతల ఉన్న రైతుకు రాజకీయ హక్కులు వేరుగా ఉండేవి. ఆ వ్యత్యాసాన్ని ఒక సరిహద్దు జిల్లా మనిషి గుర్తించినంత తీవ్రంగా ఇతరులు గుర్తించడం కష్టం.

రెండు దారులు

గుండప్పగారు గోపాలకృష్ణ గోఖలేగారి మార్గంలో నడచినవారు. అధ్యయనం, విజ్ఞాపనం, సభలో వాదం, ప్రజల మనస్సును మెల్లగా మార్చడం ఆ మార్గపు ఆయుధాలు. 1915 ఫిబ్రవరిలో గోఖలేగారు కాలం చేసినప్పుడు గుండప్పగారు కన్నడంలో ఆయన జీవిత చరిత్ర వ్రాసినారు. ఆ సంవత్సరం జనవరిలోనే దక్షిణాఫ్రికా నుండి తిరిగివచ్చిన గాంధీగారు మే నెలలో బెంగుళూరు వచ్చి గోఖలేగారి చిత్రపటాన్ని ఆవిష్కరించినారు. ఆ సభకు పూనుకొన్న యువకులలో గుండప్పగారు ఒకరు.

తరువాత గాంధీగారు దేశాన్ని సత్యాగ్రహ మార్గంలో నడిపించినారు. గుండప్పగారు ఆ దారిలోకి పోలేదు. గాంధీగారి మీద గౌరవం ఉంచుకొనే, రాజ్యాంగబద్ధమైన పద్ధతినే పట్టుకొని ఉన్నారు. కోలారు జిల్లాలోనే విదురాశ్వత్థంలో 1938 ఏప్రిల్ 25న జెండా ఎత్తడానికి గుమిగూడిన ప్రజల మీద కాల్పులు జరిగి పలువురు మరణించినారు. అటువంటి రోజులలో విజ్ఞాపన పత్రాల మార్గం యువకులకు మందకొడిగా తోచింది. ఆ ఆక్షేపణలో న్యాయం లేకపోలేదు. మైసూరులో బాధ్యతాయుత ప్రభుత్వం 1947 అక్టోబరులో వచ్చింది, అది వీధులలోకి వచ్చిన ప్రజల ఉద్యమం వల్లనే వచ్చింది. ఆ ప్రభుత్వపు తొలి ముఖ్యమంత్రి కె. చెంగలరాయ రెడ్డిగారు కూడా కోలారు జిల్లా క్యాసంబళ్లి వారే.

అయితే అధికారం ప్రజల చేతికి వచ్చిన మరునాడు ఏమి చేయాలి అన్న ప్రశ్న ఉద్యమం తీర్చగలిగినది కాదు. ఓటరుకు బడ్జెటు అర్థం కావాలి. మునిసిపలు సభ్యునికి చట్టం తెలియాలి. వార్త చదివినవాడు అందులో నిజమెంతో, ప్రచారమెంతో విడదీయగలగాలి. దానికి అధ్యయనం తప్ప వేరు దారి లేదు. గుండప్పగారి జీవితకృషి అంతా ఈ రెండవ పనికి చెందినది. చెంగలరాయ రెడ్డిగారి వంటివారు సాధించినదానిని నిలబెట్టుకొనే విద్య ఆయన నేర్పదలచినది.

గోఖలే పేరిట ఒక విద్యాలయం

ఆ విద్యకు ఆయన కట్టిన ఇల్లు బెంగుళూరులోని గోఖలే ప్రజావిచార సంస్థ. 1915 నుండి చిన్న అధ్యయన బృందంగా సాగిన ఆలోచన 1945లో, అంటే స్వాతంత్ర్యానికి రెండేళ్ల ముందు, సంస్థగా రూపు దాల్చింది. బసవనగుడి పక్కన నరసింహరాజ కాలనీలో నేటికీ అది ఉన్నది. అందులో గ్రంథాలయం ఉంది, ఉపన్యాసశాల ఉంది. అక్కడ బడ్జెటు మీద చర్చ జరిగేది, భగవద్గీత మీద ప్రవచనం జరిగేది. పబ్లిక్ అఫైర్స్ అనే ఇంగ్లీషు పత్రికను ఆ సంస్థ పక్షాన ఆయనే నడిపినారు. గుమాస్తాలు, ఉపాధ్యాయులు, న్యాయవాదులు, విద్యార్థులు సాయంకాలం వచ్చి వినేవారు. ఎవరికీ పార్టీ సభ్యత్వం అడిగేవారు కారు.

రాజకీయానికీ గీతకూ సంబంధమేమని కొందరికి తోచవచ్చు. గుండప్పగారి దృష్టిలో ఆ రెండూ వేరు కావు. తన కోరికను అదుపులో పెట్టుకొనలేనివాడు ప్రజల సొమ్మును అదుపులో పెట్టలేడు. కాబట్టి పౌరునికి రాజ్యశాస్త్రం ఎంత అవసరమో ఆత్మశిక్షణ కూడా అంతే అవసరం. ఆ సంస్థలో ఆయన చేసిన గీతా ప్రవచనాలే జీవనధర్మయోగం అనే గ్రంథంగా వెలువడి, 1967లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం పొందినాయి.

స్మృతిచిత్రాలు, కగ్గ

సంపాదకుని వ్రాత రోజుతో పాతబడుతుంది. ఆ వ్రాతలో ఉన్న అనుభవం మిగలాలని కాబోలు, వృద్ధాప్యంలో గుండప్పగారు తాము ఎరిగిన మనుష్యులను గూర్చి జ్ఞాపక చిత్రశాలె అనే పేరుతో ఎనిమిది సంపుటాలు వ్రాసినారు. ఒక సంపుటం మైసూరు దివానులకు, ఒకటి కళోపాసకులకు, ఒకటి వైదిక సంప్రదాయంలో బ్రతికినవారికి, మరొకటి హృదయ సంపన్నులకు కేటాయించినారు. దివానుల పక్కనే పల్లెటూరి పంతుళ్లు, జట్కా తోలేవారు, ఊరి ఇల్లాళ్లు కూడా ఆ పుటలలో చోటు చేసుకొన్నారు. ముళబాగిలు వీధుల తెలుగు పలుకులు అక్కడక్కడ వినిపిస్తాయి. దక్షిణ దేశంలో యాభై అరవై ఏళ్ల సాంఘిక చరిత్ర తెలుసుకోదలచినవారికి ఆ సంపుటాలు పెన్నిధి. చరిత్ర అంటే రాజుల తేదీల పట్టిక అనుకొనేవారికి అవి మంచి మందు.

కవిగా ఆయనకు ఇంటింటా పేరు తెచ్చినది 1943లో వెలువడిన మంకుతిమ్మన కగ్గ. 945 పద్యాలు. మందబుద్ధి తిమ్మడు అనే ఒక కల్పిత వ్యక్తిని ముందు నిలిపి, జీవితాన్ని గూర్చిన సందేహాలు, సమాధానాలు నాలుగేసి పాదాలలో చెప్పినారు. మన వేమన పద్యాల వలెనే ప్రతి పద్యమూ ఒక పేరుతో ముగుస్తుంది. వేమన పద్యం తెలుగువాని నోట ఎట్లా ఆడుతుందో, కన్నడిగుని నోట కగ్గ అట్లా ఆడుతుంది. ఆ గ్రంథం వచ్చిన సంవత్సరం ప్రపంచయుద్ధం నడుస్తున్నది, దేశనాయకులు జైళ్లలో ఉన్నారు. లోకం ఎటు పోతున్నదో తెలియని రోజులలో మనిషి మనస్సు ఎట్లా నిబ్బరంగా ఉండాలన్నదే అందులో విచారం. పత్రికలో ఆయన వ్రాసిన వార్తావిచారానికి ఇది లోపలి పక్క అనవచ్చు.

అంతకు పూర్వమే ఉమర్ ఖయ్యాము పద్యాలను కన్నడించినారు. షేక్‌స్పియర్ మాక్‌బెత్ నాటకాన్ని అనువదించినారు. బేలూరు గుడిలోని శిలాబాలికలను చూసి పాటలు వ్రాసినారు. 1932లో మడికేరిలో జరిగిన కన్నడ సాహిత్య సమ్మేళనానికి అధ్యక్షత వహించినారు.

ధనం పట్ల ఆయన వైఖరి

వర్తక కుటుంబాలవారు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటి ఉంది. గుండప్పగారు ధనాన్ని నిందించినవారు కారు. ధనం లేనిదే పత్రిక నడవదని, సంస్థ నిలవదని అనుభవంతో ఎరిగినవారు. కాని తన అభిప్రాయం ఒకచోట అమ్ముడుపోయిందని తెలిస్తే తరువాత దానిని ఎవరూ నమ్మరని కూడా ఆయన ఎరుగుదురు. తూకంలో ఒక్కసారి మోసం చేసిన అంగడికి మళ్లీ ఎవరు వస్తారు? సంపాదకుని మాట కూడా అటువంటి తూకమే.

సర్కారు నుండి వచ్చిన చెక్కులను ఆయన మార్చుకొనకుండా పెట్టెలో పడవేసి ఉంచినారని, ఆయన అనంతరం అవి అట్లాగే కనిపించాయని కన్నడ దేశంలో చెప్పుకొంటారు. 1970లో ప్రజలూ ప్రభుత్వమూ కలిసి ఆయనను సన్మానించి లక్ష రూపాయలు సమర్పించినారు. ఆనాటికి అది పెద్ద మొత్తం. సొంత ఇంటికి ఎన్నో అవసరాలు ఉన్నా, ఆ మొత్తాన్ని ఆయన గోఖలే సంస్థకే ఇచ్చివేసినారు. ప్రజల సొమ్ము ప్రజల పనికే చేరింది.

ఆయన గృహజీవితంలో దుఃఖం లేకపోలేదు. భార్య భాగీరథమ్మగారు చిన్న వయస్సులోనే గతించినారు. గుండప్పగారు మళ్లీ వివాహం చేసుకోలేదు. పిల్లలను పెంచుతూ, వ్రాస్తూ జీవితం గడిపినారు. ఆయన కుమారుడు బి. జి. ఎల్. స్వామిగారు ప్రసిద్ధ వృక్షశాస్త్రజ్ఞులై, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ప్రిన్సిపాలుగా పనిచేసినారు. ఆయన కన్నడంలో వ్రాసిన హసురు హొన్ను గ్రంథానికి 1978లో సాహిత్య అకాడమీ బహుమానం లభించింది. తండ్రికీ కొడుకుకూ ఆ గౌరవం దక్కడం అరుదైన విషయం.

చివరి రోజులు

1974లో భారత ప్రభుత్వం గుండప్పగారికి పద్మభూషణ బిరుదు ఇచ్చింది. 1975 అక్టోబరు 7వ తేదీన ఎనభై ఎనిమిదేళ్ల వయస్సులో బెంగుళూరులో ఆయన పరమపదించినారు. అప్పటికి దేశంలో అత్యవసర పరిస్థితి ప్రకటించి మూడు నెలలు దాటింది. ప్రతి పత్రికా సెన్సారు అధికారి చేయి దాటి రావలసి ఉండేది. ఇరవై ఒక్క ఏళ్ల వయస్సులో ఒక సంస్థానపు పత్రికా చట్టాన్ని ఎదిరించి వ్రాసిన మనిషి, అరవై ఏడేళ్ల తరువాత స్వతంత్ర భారతంలో పత్రికల నోరు కట్టివేసిన రోజులలో కన్నుమూసినారు. 1908లో ఆ పని చేసినది రాజుగారి దివాను. 1975లో చేసినది ప్రజలు ఎన్నుకొన్న ప్రభుత్వం. అధికారం ఎవరి చేతిలో ఉన్నా దానికి కావలి కాయవలసినది చదివి ఆలోచించే పౌరుడే అన్న గుండప్పగారి చింతనకు ఇంతకంటె నిదర్శనం అవసరం లేదు. 1977 మార్చిలో ఓటర్లు తమ తీర్పు తామే చెప్పినారు.

1988లో ఆయన పేర తపాలా బిళ్ల విడుదల అయింది. 2003లో బసవనగుడి బ్యూగిల్ రాక్ తోటలో కంచు విగ్రహం నిలిపినారు. కగ్గ పద్యాలకు ఊరూరా వ్యాఖ్యాన సభలు జరుగుతున్నాయి. ఇవన్నీ సంతోషకరమైనవే. అయితే ఆయన కోరుకొన్న స్మారకం వేరు. తెల్లవారి వార్తలు చదివిన గృహస్థుడు కోపమో సంతోషమో తెచ్చుకొనే ముందు ఒక్క క్షణం ఆగి, ఈ వార్త వెనుక లెక్క ఏమిటి, దీనివల్ల లాభపడేది ఎవరు, నష్టపోయేది ఎవరు అని విచారించాలి. సాయంత్రం అంగడి కట్టే ముందు చిట్టా సరిచూసుకొనే ప్రతి కుటుంబానికీ ఆ విద్య కొంత అలవాటే. ఆ శ్రద్ధలో కొంచెం దేశపు చిట్టా మీద కూడా పెట్టడం గుండప్పగారికి తగిన నివాళి.